రాగి వైరు తుక్కు: తొక్క తీసి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పాత ఇల్లు పడగొట్టినా, ఫ్లాట్‌కి కొత్తగా వైరింగ్ చేయించినా, ఎండిపోయిన బోరులోంచి మోటారు పైకి లాగినా చివరికి ఓ గోనెసంచి నిండా వైరు మిగులుతుంది. పారేయడానికి మనసు ఒప్పదు, అమ్మడానికి తీరిక ఉండదు. నేను చిన్నాచితకా వైరింగ్ కాంట్రాక్టులు చేస్తాను. మా మేడ మీద నీళ్ల ట్యాంకు కింద ఏళ్ల తరబడి పేరుకున్న సంచుల్ని ఒకసారి తూకం వేస్తే 140 కిలోలు తేలింది. అది అమ్మడంలో నేను చేసిన తప్పులు, తర్వాత నన్ను అందరూ అడిగిన ప్రశ్నలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాలనుకున్నాక ముందు చేయాల్సిన పని ఏమిటి?

వేరు చేయడం. రేటు కనుక్కోవడం కూడా దీని తర్వాతే.

నేను మొదటిసారి అన్నీ ఒకే సంచుల్లో కుక్కి తీసుకెళ్లాను. మీటరు దగ్గరి లావు వైరు, గదుల్లో లాగిన వైరు, కాలింగ్ బెల్ వైరు, పాత టేబుల్ ఫ్యాన్ల తీగలు, ప్లగ్గులతో సహా అన్నీ అందులోనే. తుక్కు వ్యాపారి సంచిలో చెయ్యి పెట్టి అన్నిటికంటే సన్నదాన్ని బయటికి తీశాడు. "ఇదీ మీ మాలు" అని దాని రేటే మొత్తానికి కట్టాడు. అతన్ని తప్పు పట్టలేను. అలా కలిపి తీసుకెళ్లింది నేనే కదా.

నాలుగు కుప్పలు చాలు. 4 చదరపు మిల్లీమీటర్లు, అంతకు పైన ఉన్న లావువి ఒకటి. ఇంటి గదుల్లో వాడే 1, 1.5, 2.5 వైర్లు ఒకటి. ఫ్యాన్ల, మిక్సీల, ఛార్జర్ల సన్న తీగలు ఒకటి. రాగి అవునో కాదో తేలనివి ఇంకొకటి. కొనల్లో ఉన్న ప్లగ్గులు, ఇత్తడి పిన్నులు, ఇనుప క్లిప్పులు కత్తిరించేయండి. వాటిని చూపించి మొత్తం సరుకు రేటు తగ్గించడం చాలా తేలిక. ఇత్తడి ముక్కల్ని విడిగా ఒక డబ్బాలో వేసుకుంటే వాటికి వేరే ధర వస్తుంది.

ఇంకో మాట. కాయిల్‌లో వాడకుండా మిగిలిన కొత్త వైరు తుక్కు కాదు. మామూలుగా కాయిల్ 90 మీటర్లు ఉంటుంది. అందులో ఇరవై, ముప్పై మీటర్లు మంచిగా మిగిలి ఉంటే మీ వీధిలోని ఎలక్ట్రీషియనే తుక్కు రేటు కంటే ఎక్కువిచ్చి తీసుకుంటాడు. గోడలోంచి లాగిన పాత వైరును మాత్రం మళ్లీ వాడుకోమని ఎవరికీ ఇవ్వకండి. ఎండకు, వేడికి గట్టిపడిన తొక్క వంచితే పగులుతుంది. ఆ పగులులోంచే షాక్ కొడుతుంది.

లోపల ఉన్నది రాగేనా అని ఎలా తెలుసుకోవాలి?

కొన కత్తిరించి, తీగను బ్లేడుతో గీరి చూడండి. రాగి అయితే ఎంత గీరినా ఎర్రగానే ఉంటుంది. పైన ఎర్రగా ఉండి గీరితే లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవక నెట్‌వర్క్ కేబుళ్లలో, కొన్ని స్పీకర్ వైర్లలో ఇది బాగా కనిపిస్తుంది. దీనికి తిరకాసు కూడా ఉంది. పైన తెల్లగా ఉండి గీరితే ఎర్రగా వస్తే అది తగరం పూత పూసిన రాగి. అల్యూమినియం అనుకుని పారేయకండి. అయితే దాని రేటు మామూలు రాగి కంటే కొంచెం తక్కువ.

అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. టీవీ కేబుల్ మధ్య తీగ చాలాసార్లు రాగి పూసిన ఉక్కు, అంటుకుంటుంది. పాత ఇళ్లలో, ముఖ్యంగా చెక్క పట్టీల మీద వైరింగ్ ఉన్నవాటిలో, అల్యూమినియం వైరు కూడా ఉంటుంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు చాలావరకు అల్యూమినియమే. చేతిలో పట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. అదే పరిమాణంలో రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు.

నా వైరులో రాగి శాతం ఎంతో వ్యాపారి చెప్పిందే నమ్మాలా?

అక్కర్లేదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాంటా ఉంటే పది నిమిషాల పని. ఒక కుప్పలోంచి అక్కడక్కడా ముక్కలు తీసి సరిగ్గా 100 గ్రాములు తూచండి. వాటి తొక్క తీసి, రాగిని మళ్లీ తూచండి. 68 గ్రాములు వస్తే మీ సరుకు 68 శాతం. ఇంతకంటే లెక్క లేదు. ఒక్కటే జాగ్రత్త. మీకు నచ్చిన లావు ముక్కలు మాత్రమే ఏరుకుని తూస్తే మోసపోయేది మీరే.

వైరు మీద సైజు అచ్చు కనిపిస్తుంటే నోటి లెక్క కూడా ఉంది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. కాబట్టి ఒక చదరపు మిల్లీమీటరు తీగ ఒక మీటరుకు సుమారు 9 గ్రాముల రాగి. 2.5 వైరులో మీటరుకు 22 గ్రాములకు కాస్త పైన, 4 వైరులో 36. పది మీటర్లు కోసి తొక్కతో సహా తూచి, ఈ అంకెతో పోల్చుకోండి. అసలు బరువు కొంచెం తక్కువే రావచ్చు. మన ప్రమాణాల్లో వైరును లెక్కించేది దాని కరెంటు నిరోధాన్ని బట్టి, తీగ లావును సూక్ష్మంగా కొలిచి కాదు. పైగా పేరులేని చవక వైర్లలో అచ్చు మీద 2.5 అని ఉన్నా లోపల రాగి అంత ఉండదు. అందుకే నేను ఎప్పుడూ 100 గ్రాముల పరీక్షనే నమ్ముతాను.

ఇంటి వైర్లలో 1 చదరపు మిల్లీమీటరుది అరవైల మొదట్లో, 2.5 ది డెబ్భై దరిదాపుల్లో తేలడం నేను చూశాను. మిక్సీ, ఇస్త్రీపెట్టె తీగల్లో రెండు పొరల తొక్క ఉంటుంది కాబట్టి శాతం బాగా పడిపోతుంది.

సరే, తొక్క తీసి అమ్మితే లాభమా, కాదా?

అందరూ అడిగేది ఇదే. అందరికీ ఒకే జవాబు లేదు. కుప్ప కుప్పకూ జవాబు మారుతుంది.

లెక్క వేసి చూద్దాం. తొక్క తీసిన రాగి కిలో 800 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం వేసిన అంకె మాత్రమే, మీరు ఆ రోజు రేటు పెట్టుకోండి. మీ దగ్గర 100 కిలోల 2.5 వైరు ఉంది, రాగి 70 శాతం. తొక్క తీస్తే 70 కిలోలు, 56,000 రూపాయలు. ఉన్నదున్నట్టు అమ్మితే కిలోకు 480 ఇస్తానన్నాడు, అంటే 48,000. తేడా 8,000. ఇప్పుడు అసలు సంగతి. ఆ 100 కిలోల పొడవు మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. చార్మినార్ దగ్గర మొదలుపెట్టి దాదాపు అబిడ్స్ దాకా పరిచినట్టు! మీటరుకు 20 సెకన్లు పట్టినా పదిహేడు గంటలకు పైగా కూర్చోవాలి. గంటకు 450 రూపాయల పైన గిట్టుతుంది. ఫర్వాలేదు, చేయొచ్చు.

ఇదే లెక్క 1 చదరపు మిల్లీమీటరు వైరుకు చూడండి. 62 శాతం రాగి, తొక్క తీస్తే 49,600. ఉన్నదున్నట్టు 430 చొప్పున 43,000. తేడా 6,600. కానీ పొడవు దాదాపు 7 కిలోమీటర్లు, 38 గంటల పని. గంటకు 175 రూపాయలు కూడా రావు. దానికి వేళ్లు కోసుకోవడం, నడుం నొప్పి అదనం. మీరు రిటైరై, టీవీ చూస్తూ తీరిగ్గా ఒలుచుకుంటానంటే అది వేరు. చిక్కుడుకాయలు ఒలిచినట్టే, కాలక్షేపం.

ఫ్యాను తీగల జోలికి అసలు పోవద్దు. వెంట్రుకల్లాంటి పోగులు తొక్కతో పాటే తెగి వస్తాయి. తీసినా మొదటి రకం కింద లెక్క వేయరు. అంతర్జాతీయ తుక్కు వ్యాపారంలో 'బార్లీ' అని పిలిచే మేలు రకానికి లావు, మెరిసే తీగే కావాలి. పూత ఉన్నది, సన్న పోగులు, నల్లబడినది అందులోకి రావు. పెద్ద రీసైక్లర్లు సన్న వైరును ముక్కలుగా తరిగి, తేలికైన ప్లాస్టిక్‌ను, బరువైన రాగిని గాలితో వేరు చేసే యంత్రాలు పెట్టుకుంటారు. ఆ పని వాళ్ళకి నిమిషాల్లో అవుతుంది, మనకు వారాలు పడుతుంది. అది వాళ్ళకే వదిలేయాలి.

నా పద్ధతి చెప్తాను. ముందు రాగి రేటును నా శాతంతో గుణిస్తాను. వ్యాపారి ఇస్తానన్నది అందులో 85 శాతం దాటితే సన్న వైరును మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాను. లావు వైరును 90 దాటితే తప్ప ఇవ్వను, నేనే తీసుకుంటాను. 10, 16 చదరపు మిల్లీమీటర్ల మెయిన్ వైర్లయితే తొక్క నిలువునా ఒక్క గీతతో ఊడి వస్తుంది. అది ఒలవకుండా అమ్మడం బద్ధకమే.

తొక్క తీసే మెషీన్ కొనుక్కోవచ్చా?

చేత్తో తిప్పే చిన్న మెషీన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక్కసారి అమ్మే సరుకు కోసం వద్దు. నాలాగా ప్రతి నెలా ముక్కలు పోగయ్యేవాళ్లకు పనికొస్తుంది. కత్తితో చేసేవాళ్లు చేతికి మందపాటి గ్లవుజులు వేసుకోండి, బ్లేడు మీ వైపు రాకుండా అవతలికి లాగండి. పాత తొక్కల్లో సీసం కలిపేవారు కాబట్టి ఆ దుమ్ము చేతులతో అన్నం తినొద్దు.

కాల్చేస్తే సులువు కదా?

వద్దు. మూసీ ఒడ్డునో, ఖాళీ ప్లాట్లలోనో చీకటి పడ్డాక నల్లటి పొగ లేస్తుంటే, ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలినవాళ్లెవరూ ఈ ప్రశ్న అడగరు. వైరు తొక్కకు వాడే పీవీసీ ప్లాస్టిక్‌లో సగానికి పైగా క్లోరిన్. కాలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషపదార్థాలు వస్తాయి. రాగి దగ్గర ఉంటే ఆ డయాక్సిన్లు ఇంకా ఎక్కువ పుడతాయి. ఆరుబయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా.

ఆరోగ్యం సంగతి పక్కన పెట్టి డబ్బే చూసుకున్నా నష్టమే. కాలిన రాగి నల్లబడి, పెళుసెక్కి, బూడిద పట్టి ఉంటుంది. దాన్ని రెండో రకం కింద కొంటారు. పైగా కాల్చిన తీగ చూడగానే వ్యాపారికి 'దొంగసొత్తేమో' అనే అనుమానం వస్తుంది. వైరు మీద కంపెనీ పేరు, సైజు, గుర్తులు లేకుండా చేసేది ఎవరో వాళ్ళకి తెలుసు. భోగి మంటల్లో పాత చాపలతో పాటు వైరు చుట్ట పడేసే పెద్దలకు కూడా ఈ మాట చెప్పండి.

హైదరాబాద్‌లో ఎవరికి అమ్మాలి?

సరుకును బట్టి. ఐదారు కిలోలే ఉంటే వీధిలో మైకు పెట్టుకుని తిరిగే ట్రాలీ ఆటోకి ఇచ్చేయండి. ఎక్కువ ధర కోసం పెట్రోలు పోసుకుని తిరిగితే మిగిలేదేమీ ఉండదు.

ఇరవై కిలోల నుంచి క్వింటాలు దాకా అయితే పేటలోని రెండు మూడు తుక్కు షాపులు తిరగండి. అన్నీ మోసుకెళ్లక్కర్లేదు. ఒక్కో కుప్ప నుంచి మూర వైరు, దాని పక్కనే తొక్క తీసిన ముక్క పట్టుకెళ్లండి. "భాయ్, ఈ తాంబా ఎంత, ఈ వైరు ఎంత?" అని రెండూ విడివిడిగా అడగాలి. ముందు రాగి రేటు చెప్పించండి, ఆ తర్వాతే వైరు రేటు. ఈ వరస మార్చొద్దు. రాగి రేటు నోటితో అన్నాక వైరుకు మరీ తక్కువ చెప్పడం అతనికే కష్టం. చాలామంది "మిక్స్‌లో ఎంత?" అని మొదలుపెట్టి దెబ్బతింటారు. కొందరు 'ఆర్మేచర్ రేటు' అంటారు. మోటార్ల వైండింగ్ రాగికి మార్కెట్లో నడిచే ధర అది. మీ మెరిసే లావు తీగకు కూడా ఆ రేటే లెక్క కడితే ఒప్పుకోకండి.

క్వింటాళ్లలో ఉంటే కాటేదాన్, జీడిమెట్ల, బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల వైపు హోల్‌సేల్ గోదాములు అడగడం మేలు. మధ్యలో ఒక చెయ్యి తగ్గుతుంది. ఆఫీసుల కంప్యూటర్ వైర్లు, సర్వర్ గదుల కేబుళ్లు భారీగా తేలితే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు చూసుకోవాలి. వాటిని కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లరుకే ఇవ్వాలి. ఆ రసీదు కంపెనీకి అవసరం కూడా.

రేటు పెరిగేదాకా ఆగొచ్చా?

మన పేటలో చెప్పే రాగి రేటు నడిచేది లండన్ మెటల్ ఎక్స్చేంజీని, డాలరును బట్టి. మన దేశపు సరుకుల ఎక్స్చేంజీ ఎంసీఎక్స్‌లో కిలో చొప్పున రోజూ కనిపిస్తుంది. అందులోంచి వ్యాపారి తన లాభం, రవాణా, కరిగించే ఖర్చు తీసేసి చెప్తాడు. ఎంసీఎక్స్ అంకె చూపించి అంతే ఇమ్మంటే నవ్వుతాడు, అది శుద్ధి చేసిన రాగి ధర. తమిళనాడులోని తూత్తుకుడి రాగి కర్మాగారం 2018లో మూతపడ్డాక మన దేశం శుద్ధ రాగిని బయటి నుంచి ఎక్కువగా కొనుక్కోవాల్సి వస్తోంది. కాబట్టి అక్కడ కదిలితే ఇక్కడా కదులుతుంది.

2020 మార్చిలో లండన్‌లో టన్ను 5,000 డాలర్ల లోపుకు పడింది. 2024 మేలో 11,000 దాటింది. ఆ నాలుగేళ్లు ఆగినవాళ్లు గెలిచారు. అదే 2011 మొదట్లో 10,000 దగ్గర 'ఇంకా పెరుగుతుంది' అని ఆగినవాళ్లు పదేళ్లు ఎదురుచూశారు. నాకు తెలిసి ఇంట్లో పేరుకున్న యాభై కిలోల కోసం చార్టులు చూస్తూ కూర్చోవడం టెన్షన్ తప్ప మరేమీ కాదు. వారం రోజులు రేటు గమనించి, పడుతుంటే రెండు వారాలు ఆగండి, అంతే. ఈలోగా సంచుల్ని మెట్ల కింద, గుమ్మం దగ్గర మాత్రం పెట్టకండి. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచినప్పుడు పైన నిద్రపోతున్న 11 మంది కార్మికులు కిందికి రాలేక చనిపోయారు.

కాంటాలో మోసం జరగకుండా?

ఇంట్లో తూచుకుని, ఒక్కో సంచి మీద బరువు మార్కరుతో రాసి తీసుకెళ్లండి. షాపులో మీ సరుకు పెట్టక ముందు సీలు తీయని 10 కిలోల బియ్యం సంచి పెట్టించి చూడండి. మొహమాటం వద్దు. కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, అడిగితే సర్టిఫికెట్ చూపించాలి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తరుగు తీసినట్టే ఇక్కడా 'దుమ్ము', 'సంచి' అని కిలో రెండు కిలోలు కోస్తారు. సంచి బరువు వరకు న్యాయమే. దుమ్ముకు ఒప్పుకోవాలో లేదో, తూకం వేయక ముందే తేల్చుకోండి.

ఆధార్ ఎందుకు అడుగుతున్నారు? ఇవ్వాలా?

ఇవ్వండి. అడగని చోటే అనుమానించాలి. రాగి కేబుళ్ల దొంగతనాలు ఎక్కువ. దొంగసొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కేసు. రైల్వే కేబుల్ అయితే 1966 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. పాత ఇల్లు కూల్చిన సరుకైతే ఇంటి ఫొటోనో, కరెంటు బిల్లో ఫోన్లో పెట్టుకోండి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు సైటు ముక్కలు ఇంటి యజమానిని అడక్కుండా సంచిలో వేయొద్దని చెప్తుంటాను. వైరు డబ్బు ఇచ్చినవాడిదే ఆ ముక్క కూడా.

నగదు తీసుకోవచ్చా? జీఎస్టీ ఉంటుందా?

ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అంత సరుకైతే బ్యాంకు ద్వారానే. జీఎస్టీ నమోదు ఉన్న కాంట్రాక్టరు అమ్మితే 18 శాతం పన్నుతో ఇన్వాయిస్ ఇవ్వాలి. నమోదు లేనివాడు నమోదైన వ్యాపారికి అమ్మితే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కట్టాల్సింది కొన్నవాడే. కాబట్టి 'జీఎస్టీ' అని మీ రేటులో 18 శాతం కోసేస్తే ఒప్పుకోకండి, ఆ పన్ను అతను తిరిగి లెక్కలో చూపించుకుంటాడు.

మా అపార్ట్‌మెంట్‌ది అమ్మాలి. జాగ్రత్తలేమైనా?

రేటు కంటే మాట రాకుండా చూసుకోవడం ముఖ్యం. జనరేటరు కేబుల్ అమ్మిన డబ్బు గురించి అసోసియేషన్లలో ఏళ్ల తరబడి గొడవలు నడుస్తాయి. తూకం దగ్గర ఇద్దరు సభ్యులు ఉండాలి, కాంటా అంకెకు ఫొటో తీయాలి, డబ్బు నేరుగా అసోసియేషన్ ఖాతాలోకి పోవాలి. లావు కేబుళ్లు అమ్మే ముందు కోసి చూడండి. పైన ఉక్కు కవచం ఉన్న చాలా కేబుళ్ల లోపల అల్యూమినియమే ఉంటుంది.

బోరు మోటారు కేబుల్‌కు మంచి ధర వస్తుందా?

వస్తుంది, రాగే. మూడు తీగల చపటా కేబుల్. వెయ్యి అడుగుల బోరులోంచి తీసినదైతే బరువు కూడా బాగానే తూగుతుంది. కాకపోతే జాయింటు దగ్గర నీళ్లు దిగి తీగ పచ్చగా మారి ఉంటుంది. ఆ భాగం రెండు మూడు అడుగులు కోసి విడిగా పెట్టండి. లేకపోతే ఆ పచ్చదనం చూపించే మొత్తానికి బేరం ఆడతారు.

తీసిన తొక్కను ఏం చేయాలి?

ఎక్కువగా ఉంటే రంగులు కలపకుండా, దుమ్ము లేకుండా ఇస్తే ప్లాస్టిక్ తుక్కు కొనేవాళ్లు కిలోకు ఏదో నాలుగు రూకలు ఇస్తారు. కొంచెమే ఉంటే పొడి చెత్తలో వేయండి. మా ఇంట్లో ఓ బస్తా తొక్కలు మిగిలితే మా ఆవిడ మల్లెతీగ పందిరికి కట్టుకుంది, ఇంకా సగం బస్తా ఉంది.